భూమి పుట్టిన తేదీ దిద్దిన మనిషి - ఆచార్య ఆర్థర్ హోమ్స్



ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా గొప్పవారి జీవితం గురించి రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. నాకు తోచిన పేర్లన్నీ మీకు కంఠతా వచ్చినవే. అందుకని ఈసారి కొంచెం దూరం వెళ్ళాను. నేను ఎంచుకున్నది ఆర్థర్ హోమ్స్ అనే ఆంగ్లేయ ఆచార్యుణ్ణి. భూగర్భ శాస్త్రం చదివినవారికి ప్రపంచమంతటా తెలిసిన పేరే అది. మనలాంటి ఆఫీసు మనుషులకు మాత్రం అంతగా పరిచయం లేదు. నా మనవరాలు డిగ్రీలో ఆ శాస్త్రం తీసుకుంది. సెలవులకు ఇంటికి తెచ్చిన పుస్తకాల్లో ఆయన సంగతి కనిపించింది. నిఘంటువు పక్కన పెట్టుకుని కొంత చదివాను, తెలియనివి మనవరాలి చేత చెప్పించుకున్నాను.

ఆయన జీవితం నన్ను ఆకట్టుకోవడానికి ఒక కారణం ఉంది. మన ఉద్యోగుల భాషలో చెప్పాలంటే, ఆయన బతుకంతా ఒక పుట్టిన తేదీని సరిచేయడంలోనే గడిచింది. అది ఏ మనిషి తేదీయో కాదు, మనమందరం నిలబడి ఉన్న ఈ భూమిది.

పుట్టిన తేదీ ఎంత గొడవో మనకు తెలియనిది కాదు. సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో ఆ ఒక్క గడి ఎలా నింపితే రిటైర్మెంటు అలా వస్తుంది. మా అమ్మ లెక్క ప్రకారం నేను పెద్ద గాలివాన వచ్చిన ఏడాది కార్తీక మాసంలో పుట్టాను. బడిలో వేసిన రోజున మాస్టారు నన్ను ఎగాదిగా చూసి, అయిదు నిండినట్లు వచ్చేలా ఒక జూలై ఒకటో తేదీ వేసుకున్నారు. ఆ తేదీయే ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకంలోకి, అక్కడి నుంచి సర్వీసు రిజిస్టరులోకి ఎక్కింది. అమ్మ లెక్క కంటే ఏడాది మీద నాలుగు నెలలు ముందుగా నేను రిటైరయ్యాను. మీలో ఎంతమందికి ఇటువంటి కథే ఉందో నేను ఊహించగలను. కాగితం మీద ఉన్నది ఒకటి, జరిగింది మరొకటి. ఆ రెండింటినీ కలపడానికి ఒక మనిషి యాభై ఏళ్ళకు పైగా కష్టపడ్డాడంటే ఆయన గురించి తెలుసుకోవాలనిపించింది.

బైబిలు అంచున రాసిన సంవత్సరం

హోమ్స్ 1890 జనవరి 14న, మనకు సంక్రాంతి వచ్చే రోజుల్లో, ఇంగ్లండు ఉత్తర భాగాన గేట్స్‌హెడ్ పట్టణ ప్రాంతంలో ఒక సామాన్య కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రులు మెథడిస్టు క్రైస్తవులు, దైవభక్తి గలవారు. ఇంట్లో ఉన్న బైబిలు మొదటి పుటలో, అంచున, సృష్టి జరిగిన సంవత్సరం క్రీస్తు పూర్వం 4004 అని అచ్చు వేసి ఉండేది. ఐర్లండుకు చెందిన ఉషర్ అనే ఆర్చిబిషప్పు పదిహేడవ శతాబ్దంలో గ్రంథంలోని వంశావళులను కూడి తేల్చిన లెక్క అది. సరిగ్గా నాలుగు వేలు కాకుండా పైన ఆ నాలుగు ఎందుకు వచ్చిందని ఆ పిల్లవాడికి అనుమానం పట్టుకుంది. పెద్దయ్యాక కూడా ఆయన ఆ సంగతి గుర్తు చేసుకునేవారు.

హైస్కూల్లో ఒక మంచి భౌతిక శాస్త్ర ఉపాధ్యాయుడు దొరికారు. లార్డ్ కెల్విన్ రాసినవాటిని ఆయనే ఈ విద్యార్థికి పరిచయం చేశారు. కెల్విన్ ఆ కాలంలో బ్రిటనులో అందరికంటే పెద్ద భౌతిక శాస్త్రవేత్త. ఆయన వేసిన లెక్క ఇది. భూమి మొదట్లో కరిగిన ముద్ద. అప్పటి నుంచి చల్లారుతూ వస్తోంది. గనుల్లో లోతుకు వెళ్ళేకొద్దీ వేడి ఎంత పెరుగుతుందో కొలిచి, చల్లారడానికి ఎంత కాలం పట్టి ఉంటుందో లెక్క కట్టవచ్చు. ఆ లెక్క ప్రకారం 1897లో కెల్విన్ చెప్పిన వయసు రెండు నుంచి నాలుగు కోట్ల సంవత్సరాలు.

భూగర్భ శాస్త్రజ్ఞులకు ఇది మింగుడు పడలేదు. కొండలు అరగడానికి, ఏళ్ళు మోసుకొచ్చిన మట్టి మైళ్ళ మందాన పేరుకోవడానికి అంత తక్కువ కాలం చాలదని వాళ్ళ కళ్ళకు కనిపిస్తూనే ఉంది. అయితే కెల్విన్ గణితానికి ఎదురు చెప్పే ధైర్యం ఎందరికి ఉంటుంది? పై అధికారి సంతకం పెట్టిన ఫైలు మీద గుమాస్తా అభ్యంతరం రాసినట్లే అవుతుంది. చాలామంది సర్దుకుపోయి, పది కోట్ల సంవత్సరాలు లోపు అని రాజీకి వచ్చారు.

1896లో ఫ్రాన్సులో బెకరెల్ యురేనియం నుంచి వెలువడే కిరణాలను కనిపెట్టడంతో కథ మారింది. ఇటువంటి పదార్థాలు రాళ్ళలో ఉండి తమంతట తాము వేడిని పుట్టిస్తాయని కొద్ది ఏళ్ళలోనే తేలింది. లోపల పొయ్యి మండుతూనే ఉందని తెలియకుండా, చల్లారుతున్న గిన్నెను చూసి కాలం లెక్కకట్టినట్లయింది కెల్విన్ పని. ఆయన గణితం తప్పు కాదు, ఆయనకు అందిన వివరాలే అసంపూర్ణం.

రాతిలో గడియారం

1907లో హోమ్స్ స్కాలర్‌షిప్పు మీద లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ సైన్స్‌లో భౌతిక శాస్త్రం చదవడానికి చేరారు. మధ్యలో భూగర్భ శాస్త్రం మీద మనసు పోయింది. ఈ రెండు శాస్త్రాల మధ్య ఎవరూ అంతగా తిరగని సందు ఒకటి ఉంది. ఆయన అందులోకి నడిచారు. అక్కడ ఆయనకు మార్గదర్శి రాబర్ట్ స్ట్రట్.

ఆ సందులోని విషయం క్లుప్తంగా చెబుతాను. యురేనియం తనంతట తాను కరుగుతూ చివరకు సీసంగా మారుతుంది. ఆ మార్పు నిదానంగా, ఎప్పుడూ ఒకే రేటున జరుగుతుంది. ఎండ, వాన, మన తొందర ఏవీ దాన్ని మార్చలేవు. ఉన్న యురేనియంలో సగం సీసం కావడానికి దాదాపు 447 కోట్ల సంవత్సరాలు పడుతుందని నేటి లెక్క. కాబట్టి ఒక రాతిలో యురేనియం ఎంత మిగిలింది, దాని వల్ల పుట్టిన సీసం ఎంత అని కొలవగలిగితే ఆ రాయి ఎప్పుడు గట్టిపడిందో చెప్పవచ్చు. బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ వేసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. అసలు, వడ్డీ, రేటు తెలిస్తే డిపాజిట్ ఎప్పుడు వేశారో లెక్క కట్టవచ్చు కదా!

ఈ ఆలోచన అంతకు ముందే రూథర్‌ఫర్డ్ చెప్పారు, అమెరికాలో బోల్ట్‌వుడ్ 1907లో కొన్ని ఖనిజాల మీద ప్రయత్నించి చూశారు. హోమ్స్ ప్రత్యేకత ఏమిటంటే, భూగర్భ శాస్త్రజ్ఞులకు ఏ యుగానిదో ముందే తెలిసిన రాతిని తీసుకుని, ఒకే రాతిలోని అనేక ఖనిజాలను పరీక్షించి, జవాబులు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయో లేదో చూడటం. నార్వే నుంచి వచ్చిన డెవోనియన్ యుగపు రాయికి ఆయన తేల్చిన వయసు 37 కోట్ల సంవత్సరాలు. అప్పటికి ఉన్న ఇతర కొలతలను కూడా తిరిగి లెక్కించి, సింహళం నుంచి వచ్చిన ఒక ఖనిజానికి 164 కోట్ల సంవత్సరాలు అని చెప్పారు. ఈ వ్యాసం 1911లో అచ్చయ్యేనాటికి ఆయన వయసు ఇరవై ఒకటి.

చనిపోయారని కబురు

అంతటి పని చేసిన కుర్రవాడి చేతిలో డబ్బు లేదు. స్కాలర్‌షిప్పు సంవత్సరానికి అరవై పౌండ్లు. దానితో లండనులో బతకడం కష్టమై అప్పులయ్యాయి. అప్పుడు ఆఫ్రికాలోని మొజాంబిక్‌లో ఖనిజాలు వెతికే ఒక కంపెనీ ఆరు నెలల ఉద్యోగం ఇవ్వజూపింది. వ్యాసం వచ్చిన ఆ 1911లోనే ఓడ ఎక్కారు.

మొజాంబిక్‌లో విలువైన ఖనిజమేదీ దొరకలేదు. దొరికింది మలేరియా. ఎంత తీవ్రంగా వచ్చిందంటే ఆయన చనిపోయారని ఇంటికి కబురు కూడా వెళ్ళిపోయింది. మన పెన్షనర్లలో కొందరికి లైఫ్ సర్టిఫికెట్ అందక, బతికి ఉండగానే పెన్షను ఆగిపోయిన సందర్భాలున్నాయి. హోమ్స్ కథ విన్నప్పుడు నాకు అవే గుర్తుకొచ్చాయి. అదృష్టవశాత్తు ఆయన కోలుకుని ఇంటికి చేరారు. ఆ జ్వరం మాత్రం తర్వాత చాలా ఏళ్ళు తిరగబెడుతూనే ఉంది.

ఉత్త చేతులతో తిరిగి వచ్చినా కళ్ళ నిండా చూసిన రాళ్ళతో వచ్చారు. మొజాంబిక్ అంతటా పొరలు పొరలుగా, చారలు చారలుగా ఉండే నైస్ అనే పాత రాయి పరుచుకుని ఉంది. దాని కథ ఆయన మనసులో నిలిచిపోయింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

నమ్మని మిత్రులు

1912 నుంచి లండనులోని ఇంపీరియల్ కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా చిన్న ఉద్యోగం. 1913లో ది ఏజ్ ఆఫ్ ది ఎర్త్ అనే పుస్తకం వెలువరించారు. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్ళు. భూమి మీది అతి పాత రాళ్ళ వయసు 160 కోట్ల సంవత్సరాల ప్రాంతంలో ఉందని అందులో చూపారు. 1914లో మార్గరెట్ హోవ్ అనే యువతిని వివాహమాడారు.

ఇక్కడ ఒక వింత జరిగింది. కెల్విన్ ఇచ్చిన కాలం చాలదని ఒకనాడు మొత్తుకున్న భూగర్భ శాస్త్రజ్ఞులే, హోమ్స్ చేటలతో కాలం తెచ్చి పోస్తే వద్దన్నారు. పది కోట్ల లెక్కకు వాళ్ళు అప్పటికి అలవాటు పడిపోయారు. సముద్రంలో ఉప్పు పేరుకున్న లెక్క కూడా ఆ అంకెకు దగ్గరగానే వచ్చింది. తప్పుడు అంకె అయినా సరే, రెండు రిజిస్టర్లలో ఒకేలా ఉంటే ఎవరూ దాని జోలికి వెళ్ళరు. మనం చూడని సంగతా ఇది?

హోమ్స్ ఎవరితోనూ తగాదా పెట్టుకోలేదు. విమర్శలకు జవాబుగా మరిన్ని రాళ్ళు కొలిచారు. సీసంలోనే రకరకాలు ఉన్నాయని, అన్నీ యురేనియం నుంచి వచ్చినవి కావని తర్వాత తేలినప్పుడు తన పాత లెక్కలను తానే దిద్దుకున్నారు. తన అంకె తప్పయితే ముందుగా ఎర్రసిరా పెట్టింది ఆయనే.

రంగూన్ దారిలో

1920లో, జీతం పెరుగుతుందన్న ఆశతో, బర్మాలోని ఒక చమురు కంపెనీలో ముఖ్య భూగర్భ శాస్త్రజ్ఞుడిగా చేరి, భార్యను, పసివాడైన కొడుకును వెంటబెట్టుకుని వెళ్ళారు. ఆ రోజుల్లో మన కోస్తా జిల్లాల నుంచి కూడా వేలాది మంది బతుకుతెరువు కోసం రంగూన్ ఓడ ఎక్కేవారు. మా ఊళ్ళో రంగూన్ వారి ఇల్లు అనే పేరు నా చిన్నతనంలో ఇంకా ఉండేది. వెళ్ళినవారిలో కొందరు డబ్బుతో వచ్చారు, కొందరు అసలు రాలేదు.

హోమ్స్‌కు అక్కడ ఏదీ కలిసి రాలేదు. కంపెనీ దివాలా తీసింది. అంతకంటే పెద్ద దెబ్బ, మూడేళ్ళ కొడుకు రక్త విరేచనాలతో అక్కడే చనిపోయాడు. ఆ బిడ్డను పరాయి నేలలో వదిలి, చేతిలో చిల్లిగవ్వ లేకుండా భార్యాభర్తలిద్దరూ ఇంగ్లండుకు తిరిగి వచ్చారు. ముప్ఫై ఏళ్ళు దాటిన, డాక్టరేటు గల శాస్త్రవేత్త ఉద్యోగం లేక, న్యూకాజిల్‌లో తూర్పు దేశాల చేతిపని వస్తువులు అమ్మే దుకాణం పెట్టుకోవలసి వచ్చింది. భూమి వయసు తేల్చినవాడు బేరాలాడుతూ కూర్చున్నాడు.

ఈ ఘట్టం దగ్గర నేను పుస్తకం మూసి కొంతసేపు అలాగే ఉండిపోయాను. మనలో కొడుకునో కూతురినో పోగొట్టుకున్నవారున్నారు. జీతాలు అందని నెలలు చూసినవారున్నారు. అటువంటి చోట మనిషి విరిగిపోవడానికి ఎన్ని కారణాలుంటాయో, మళ్ళీ లేచి నిలబడటానికి అంత తక్కువ కారణాలుంటాయి.

ఒక్కరే ఉన్న శాఖ

1924లో డరహం విశ్వవిద్యాలయం కొత్తగా పెట్టిన భూగర్భ శాస్త్ర శాఖకు ఆయనను పిలిచింది. శాఖ అంటే ఆయన ఒక్కరే. పాఠం చెప్పేదీ ఆయనే, రాళ్ళు సర్దేదీ ఆయనే. కొద్ది కాలానికే ఆచార్య పదవి లభించింది. ఇంట్లో మరో కుమారుడు పుట్టాడు. 1927లో సామాన్యుల కోసం ఆరు పెన్నీల వెలకు ఒక చిన్న పుస్తకం రాసి, భూమి వయసు 160 కోట్లకూ 300 కోట్లకూ మధ్య ఉండవచ్చని చెప్పారు.

అదే 1927 డిసెంబరులో ఎడింబరో నగరంలోని శాస్త్రజ్ఞుల సంఘంలో మరొక సాహసం చేశారు. ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండి తర్వాత విడిపోయాయని జర్మనీకి చెందిన వెగెనర్ చెప్పగా, అంత బరువైన ఖండాలను కదిలించేది ఏమిటని అందరూ ఎగతాళి చేస్తున్న కాలమది. హోమ్స్ దానికి ఒక జవాబు సూచించారు. భూమి లోపలి రాయి రేడియో ధార్మిక వేడికి పొయ్యి మీది పప్పులా అడుగు నుంచి పైకి, పై నుంచి అడుగుకు అతి నిదానంగా తిరుగుతుందని, ఆ తిరుగుడే పైన తేలే ఖండాలను లాగుతుందని ఆయన ఊహ. ఇది ఊహే, రుజువు కాదు అని ఆయనే స్పష్టంగా చెప్పుకున్నారు. ముప్ఫై ఏళ్ళ పాటు ఎక్కువమంది దాన్ని పట్టించుకోలేదు. 1960 తర్వాత సముద్రపు అడుగుల పరిశోధనలతో ఖండాలు కదులుతాయన్నది స్థిరపడినప్పుడు, భూమి లోపలి తిరుగుడును గురించి హోమ్స్ అప్పుడే చెప్పారని లోకం గుర్తించింది.

పుటం పడ్డ రాళ్ళు

ఇప్పుడు మొజాంబిక్ రాళ్ళ సంగతికి వస్తాను. ఇదే ఆయన పనిలో నాకు అన్నింటికంటే నచ్చిన భాగం.

రాళ్ళలో రూపాంతర శిలలు అనేవి ఒక జాతి. పాత బురదో, ఇసుకో, మరొక రాయో భూమి లోతుల్లోకి దిగి, అక్కడి వేడికీ ఒత్తిడికీ కరగకుండానే లోపలి ఖనిజాలన్నీ మారిపోయి కొత్త రాయి అవుతుంది. బంగారాన్ని పుటం పెట్టినట్లన్నమాట. సున్నపురాయి పాలరాయి కావడం ఇటువంటిదే. భూమి తొలి కాలపు సంగతులు చెప్పగల రాళ్ళలో చాలా భాగం ఈ జాతివే, ఎందుకంటే అంత పాత రాయి ఏదో ఒక దశలో పుటం పడకుండా మిగలడం అరుదు.

చిక్కు ఇక్కడే ఉంది. ఆ వేడిలో, అంతవరకు చేరిన సీసం బయటికి పోతే రాతి గడియారం మళ్ళీ సున్న నుంచి మొదలవుతుంది. అప్పుడు మనం కొలిచే వయసు రాయి పుట్టిన తేదీ కాదు, పుటం పడ్డ తేదీ. అసలు సర్వీసు రిజిస్టరు పోయి డూప్లికేటు రాయించినప్పుడు, డూప్లికేటు తెరిచిన తేదీని ఉద్యోగంలో చేరిన తేదీ అనుకుంటే ఎలా ఉంటుందో అలా.

హోమ్స్ ఈ చిక్కునే ఉపయోగంగా మార్చుకున్నారు. పుటం పడ్డ తేదీలే కావాలనుకుంటే, పర్వతాలు పుట్టిన కాలాలను వరుసగా పేర్చవచ్చు. ఒకే కాలంలో పుటం పడ్డ రాళ్ళను దేశాల సరిహద్దులు దాటి ఒక పట్టీగా కలపవచ్చు. 1948లో లండనులో జరిగిన అంతర్జాతీయ భూగర్భ శాస్త్ర మహాసభకు ఆఫ్రికాలోని అటువంటి పట్టీల వరుసను సమర్పించారు. తూర్పు ఆఫ్రికా పొడవునా సాగే ఒక గొప్ప పట్టీకి ఆయన పెట్టిన పేరు మొజాంబిక్ పట్టీ. ఏ నేల మీద ఇరవై ఒకటో ఏట చావు తప్పించుకున్నారో, దాదాపు నలభై ఏళ్ళ తర్వాత ఆ నేల పేరునే శాస్త్రంలో నిలబెట్టారు. ఆ పట్టీ పుటం పడింది 55 నుంచి 65 కోట్ల సంవత్సరాల క్రితమని నేటి అంచనా.

మన దేశం కూడా ఆయన లెక్కలోకి వచ్చింది. గయ జిల్లా నుంచి, రాజస్థాన్ ప్రాంతం నుంచి వెళ్ళిన యురేనియం ఖనిజాల వయసులను 1949, 1950 సంవత్సరాల్లో సహచరులతో కలిసి ప్రకటించారు. 1955లో ద్వీపకల్ప భారతం, సింహళంలోని అతి పాత రాళ్ళ కాలక్రమం మీద ఒక పెద్ద వ్యాసం రాశారు. ఆయన వేసిన అంకెలు కొన్ని తర్వాత మారాయి, వరుస పెట్టాలన్న ఆలోచన మాత్రం నిలిచింది.

విశాఖపట్నంలో కైలాసగిరి ఎక్కినవారు అక్కడి ఎర్రటి తుప్పు రంగు రాయిని చూసే ఉంటారు. దాని పేరు ఖొండలైట్. ఒడిశా కొండల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరది. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బంకమట్టి అది. దాదాపు వంద కోట్ల సంవత్సరాల క్రితం భూమి లోతున 800 డిగ్రీలు దాటిన వేడిలో పుటం పడి ఈ రూపం దాల్చింది. హైదరాబాదులో గోల్కొండ కోటను మోస్తున్న గ్రానైటు వయసు 250 కోట్ల సంవత్సరాల దరిదాపు. ఈసారి మనవలను అక్కడికి తీసుకువెళ్ళినప్పుడు ఆ రాతి మీద ఒకసారి చెయ్యి వేసి ఈ మాట చెప్పండి.

నేడు శాస్త్రజ్ఞులు జిర్కాన్ అనే చిన్న గింజను పట్టుకుని, దాని నడిమి భాగానికి ఒక వయసు, అంచుకు మరొక వయసు విడివిడిగా కొలుస్తున్నారు. కొట్టివేసిన పాత ఎంట్రీని వెలుతురులో పెట్టి చదివినట్లన్నమాట. ఈ పద్ధతిలో కెనడాలోని ఒక రూపాంతర శిలకు 400 కోట్లు, ఆస్ట్రేలియాలో దొరికిన ఒక జిర్కాన్ గింజకు 440 కోట్ల సంవత్సరాలు తేలాయి. హోమ్స్ వేసిన దారి అక్కడిదాకా వెళ్ళింది.

ఆయన అన్నింటా ఒప్పే అని నేను చెప్పను. 1938లో మార్గరెట్ మరణించాక, 1939లో డోరిస్ రేనాల్డ్స్ అనే భూగర్భ శాస్త్రజ్ఞురాలిని వివాహం చేసుకున్నారు. గ్రానైటు కరిగిన ద్రవం నుంచి కాక, పాత రాళ్ళు ఉన్నచోటనే మారిపోయి ఏర్పడుతుందని ఈ దంపతులు గట్టిగా వాదించారు. తర్వాతి ప్రయోగాలు ఎక్కువగా ఎదుటి పక్షాన్నే బలపరిచాయి. పెద్దవారి జీవితం రాసేటప్పుడు ఇటువంటివి దాచడం న్యాయం కాదు.

లెక్కల యంత్రం ముందు

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, బాంబులు పడితే మంటలు ఆర్పడానికి రాత్రుళ్ళు కాపలా ఉండే పని అధ్యాపకులకు కూడా పడింది. ఆ మేలుకున్న రాత్రుళ్ళలో హోమ్స్ ఒక పాఠ్యపుస్తకం రాశారు. అదే 1944లో వెలువడిన ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఫిజికల్ జియాలజీ. మన దేశంలో కూడా పాత తరం భూగర్భ శాస్త్ర విద్యార్థులు ఆ పుస్తకం చదివి పైకి వచ్చినవారే. ఖండాలను కదిలించే తిరుగుడు గురించి చివరి అధ్యాయంలో ధైర్యంగా చేర్చారు.

1942లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది, 1943లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఆచార్య పీఠం లభించింది. అక్కడ ఉండగానే అసలు ప్రశ్నకు తిరిగి వచ్చారు. రాళ్ళ వయసు సరే, భూమి వయసు ఎంత? అమెరికాలో నియర్ అనే శాస్త్రజ్ఞుడు సీసంలోని రకాలను విడదీసి కొలిచిన అంకెలు ఆయనకు అందాయి. పాత సీసానికీ కొత్త సీసానికీ మధ్య తేడా పట్టుకుని వెనక్కి లెక్కిస్తే మొదలు దొరుకుతుంది. కంప్యూటర్లు లేని రోజులు. చేతితో తిప్పే లెక్కల యంత్రం సంపాదించి వెయ్యికి పైగా లెక్కలు విడివిడిగా చేశారు. పేబిల్లులు చేత్తో కూడిన మనకు ఆ శ్రమ వివరించనక్కరలేదు. 1946లో 300 కోట్లు అన్నారు, మరుసటి సంవత్సరం 335 కోట్లకు సవరించారు. జర్మనీలో హౌటర్‌మాన్స్ కూడా స్వతంత్రంగా అదే పద్ధతి కనిపెట్టడం వల్ల నేటికీ అది ఇద్దరి పేర్లతో పిలవబడుతోంది.

1956లో అమెరికాకు చెందిన ప్యాటర్సన్ ఆ తరహా లెక్కనే ఉల్కాశిలలకు కూడా అన్వయించి 455 కోట్ల సంవత్సరాలు అని ప్రకటించారు. ఆ అంకె ఈనాటికీ దాదాపు అలాగే నిలబడి ఉంది. సరిగ్గా అదే సంవత్సరం హోమ్స్ పదవీ విరమణ చేశారు. జీవితమంతా వెతికిన జవాబు మరొకరి చేతికి దొరికింది. అసూయపడవలసిన చోట ఆయన ఆ అంకెను స్వీకరించారు.

మన నిత్య సంకల్పంలో కల్పాలు, మన్వంతరాలు చెప్పుకునేవాళ్ళం కాబట్టి కోట్ల సంవత్సరాలు మనకు కొత్త కాదు. అయితే అది విశ్వాసం, ఇది కొలత. ఒకదానితో మరొకదాన్ని రుజువు చేయబోతే రెండింటికీ అన్యాయం చేసినవారమవుతాము.

రిటైరయ్యాక

మనకు ముఖ్యమైన భాగం ఇది. రిటైరయ్యేనాటికి హోమ్స్ గుండె ఆరోగ్యం బాగుండేది కాదు. పతకాలు వచ్చాయి. 1956లోనే లండను వారి వొలాస్టన్ పతకం, అమెరికా వారి పెన్‌రోజ్ పతకం అందుకున్నారు. 1964లో వెట్లెసెన్ బహుమతిని ఫిన్లండుకు చెందిన పెంటి ఎస్కోలాతో కలిసి పంచుకున్నారు. రూపాంతర శిలలు ఏ వేడిలో, ఏ ఒత్తిడిలో ఏర్పడతాయో వర్గీకరించిన మహానుభావుడు ఆ ఎస్కోలా.

అయితే హోమ్స్ ఆ తొమ్మిది సంవత్సరాలు పతకాలు చూసుకుంటూ కూర్చోలేదు. 1944 నాటి తన పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి తిరగరాశారు. ఇరవై ఏళ్ళలో శాస్త్రం ఎంతో మారిపోయింది, మారినదంతా చేర్చాలి, తప్పయినదంతా తీసివేయాలి. వెయ్యి పేజీలు దాటిన ఆ రెండవ కూర్పు 1965లో వెలువడింది. ఆ సంవత్సరమే సెప్టెంబరు 20న, డెబ్బై అయిదో ఏట, లండనులో ఆయన కన్నుమూశారు. ఐరోపా భూశాస్త్రజ్ఞుల సంఘం నేటికీ ఆయన పేరిట పతకం ఇస్తోంది. అంగారక గ్రహం మీద ఒక పెద్ద గుంటకు కూడా ఆయన పేరు పెట్టారు.

ఈ డెబ్బై అయిదు అన్న అంకె దగ్గర నేను ఆగిపోయాను. మనలో చాలామంది ఆ వయసుకు అటో ఇటో ఉన్నాం. రిటైర్మెంటుతో ఫైలు మూసేశామనే అనుకుంటాం. ఆయన మాత్రం మూసిన ఫైలు తెరిచి, తన సొంత తప్పులు తానే దిద్ది, శుభ్రమైన ప్రతి చేసి అప్పగించి వెళ్ళారు. తాను మొదలుపెట్టినప్పుడు పుస్తకాల్లో రెండు, నాలుగు కోట్లుగా ఉన్న వయసు, తాను వెళ్ళిపోయేటప్పుడు 455 కోట్లు అయింది. ఆ అంకెకు చేరే దారిలో ఎక్కువ దూరం నడిచింది ఆయన. చివరి అడుగు వేసింది మరొకరు. దానికి ఆయన కుంగిపోలేదు.

నా పుట్టిన తేదీ సంగతికి వస్తే, అది ఇక మారదు. దిద్దించుకోవలసిన కాలంలో నేను అడగలేదు, అడగకపోవడం నా పొరపాటే. ఈ వ్యాసం రాస్తున్నప్పుడు మాత్రం ఒక పని చేశాను. మా ఇంట్లో పెద్దల పుట్టిన తేదీలు, ఊళ్ళు, పెళ్ళిళ్ళు, వలస వెళ్ళిన సంవత్సరాలు నాకు గుర్తున్నంతవరకు ఒక నోటుబుక్కులో రాసి మనవరాలికి ఇచ్చాను. గాలివాన ఏడాది కార్తీకమని నా పేరు ఎదుట అమ్మ లెక్కే వేశాను. మీ ఇళ్ళలో కూడా ఇటువంటి సంగతులు తెలిసినవారు మీరొక్కరే మిగిలి ఉండవచ్చు. ఓపిక ఉండగానే రాసిపెట్టండి. తప్పులుంటే తర్వాతివారు దిద్దుకుంటారు.